నగరేశ్వరరావు గారి వెలివేతలు

బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో, ఝపటాపూర్ పేటలో కిరాణా కొట్టు నడిపే నగరేశ్వరరావు గారికి తాగుడు లేదు, పేకాట లేదు, ఆఖరికి ముక్కుపొడుం అలవాటు కూడా లేదు. ఉన్నది ఒక్కటే జబ్బు. పేరున్నవాళ్ళని వెలివేస్తారు. సినిమా హీరో గానీ క్రికెట్ ఆటగాడు గానీ ఆడవాళ్ళ గురించో ఒంటి రంగు గురించో తప్పుడు కూత కూశాడని తెలిస్తే చాలు, ఆ మనిషి మొహం ఉన్న సరుకు కొట్లోంచి దిగిపోవలసిందే. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టన్నమాట. ఖరగ్‌పూర్‌లో తన సబ్బు అమ్మడం మానేశారని మద్రాసులో ఉన్న ఆ హీరోకి ఏ జన్మకీ తెలియదు. తెలిసేదల్లా ఆయన భార్య రాజ్యలక్ష్మికి. సబ్బు కోసం వచ్చినవాళ్ళకి జవాబు చెప్పుకోవలసింది ఆవిడే.

పోనీ ఆ కోపమైనా వేళకి వస్తుందా అంటే అదీ లేదు. పొట్లాలు కట్టడానికి ఆయన పాత తెలుగు వారపత్రికలు కట్టలకి కట్టలు కొంటారు. కందిపప్పు తూచి, కాగితం చింపి, పొట్లం చుట్టబోతూ చదువుతారు. చదివి ఆగిపోతారు. కొనడానికి వచ్చినవాడు గుమ్మంలో నిలబడే ఉంటాడు. దేశమంతా ఆ హీరోని తిట్టి, అలిసిపోయి, క్షమించేసి, అతగాడి తరవాతి సినిమాని వంద రోజులు ఆడించేశాక, అప్పుడు నగరేశ్వరరావు గారికి కోపం వస్తుంది.

ఎనభై ఆరులో సబ్బు గొడవ అలాంటిదే. ఆడది నోరు మూసుకుంటేనే ఇల్లు ఇల్లులా ఉంటుందని హీరో విక్రాంతబాబు ఎక్కడో అన్నాడట. ఈయన అతని బొమ్మ ఉన్న సబ్బులన్నీ దింపి లోపల పడేశారు.

"ఈ కాగితం మూడేళ్ళ కిందటిది. తప్పయిందని అతగాడు అప్పుడే సెప్పేసినాడు కూడాను," అంది రాజ్యలక్ష్మి.

"పాపానికి తారీకు ఉంటాదేటి రాజ్యం?"

"పాపానికి ఉండదు. మరి ఈ సబ్బులు ఏటి సేస్తారు?"

ఏం చేస్తారు, పారేయడానికి మనసొప్పక ఇంట్లో వాడించారు. ఏడాది పొడుగునా ఒళ్ళూ బట్టలూ గిన్నెలూ అన్నీ ఆ సబ్బుతోనే. వెలివేసిన పాపాత్ముడి వాసన తప్ప ఆ ఇంట్లో ఇంకో వాసన లేకుండా పోయిందని రాజ్యలక్ష్మి తల బాదుకుంది.

మరుసటేడు క్రికెటర్ వంతు. నల్లజాతి బౌలర్ల గురించి అతనన్న మాట ఇక్కడ రాయదగ్గది కాదు. అతని బొమ్మ ఉన్న బిస్కెట్లు దిగిపోయాయి. అంతటితో ఆగితే బాగుండేది. వీధి మొత్తానికి రంగుల టీవీ వీళ్ళింట్లోనే ఉంది. అతను బ్యాటు పట్టుకుని దిగగానే ఈయన లేచి టీవీ మీద గోనెసంచి కప్పేవారు. అవుటయ్యాక తీసేవారు. ఖర్మ కాలి ఒకరోజు అతను సెంచరీ కొట్టాడు. వీధివాళ్ళంతా గోనెసంచి వంక చూస్తూ ఆ సెంచరీ విన్నారు. పోతూ పోతూ రాజ్యలక్ష్మికేసి జాలిగా చూశారు.

అన్నిటికన్నా ఆవిడ పరువు తీసింది దండ సంగతి. పెళ్ళయిన హీరోతో ఒక నటి పేరు కలిసి పత్రికలకెక్కింది. హీరో సినిమాలు హీరోకి ఉన్నాయి. ఆ అమ్మాయిని మాత్రం లోకమంతా దుమ్మెత్తిపోసింది. నాలుగేళ్ళ తరవాత నగరేశ్వరరావు గారు అది చదివి, అన్యాయమని మండిపడి, గౌరవసూచకంగా ఆ నటి బొమ్మని కొట్లో గోడకి తగిలించి నిండా బంతిపూల దండ వేశారు. ఫొటోకి దండ పడితే దాని అర్థం ఏమిటో ఆయనకి తట్టలేదు. వచ్చిన ప్రతి బెంగాలీ ఆవిడా "కబే మారా గెలేన్, దాదా?" అని, ఎప్పుడు పోయిందంటూ నిట్టూర్చడమే. పక్కింటి బాలాంబ గారు కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. ఆ నటి బతికే ఉందని అందరికీ చెప్పలేక రాజ్యలక్ష్మికి గొంతు పోయింది. నెల్లాళ్ళు ఊరంతా నవ్వింది.

ఇక తొంభై ఒకటి దసరా. తెలుగు సంఘం వాళ్ళు ఏటా రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో పద్యనాటకం వేస్తారు. ఆ ఏడు ద్రౌపది వేషం గంగాభవానిది. ట్రాఫిక్ అని పిలిచే రైల్వే క్వార్టర్ల పేటలో తల్లితో ఉంటుంది, బుకింగ్ ఆఫీసులో గుమాస్తా. పిల్ల కారునలుపు, గొంతు మాత్రం ఖంగుమంటుంది. రాజ్యలక్ష్మి తండ్రి శ్రీకాకుళంలో హార్మోనియం వాయించేవాడు. ఆయన దగ్గర పట్టిన పద్యాలన్నీ ఆవిడ కొట్టు వెనక గదిలో కూర్చోబెట్టి గంగాభవానికి నేర్పింది. నా జన్మకి ఒక్క శిష్యురాలు దొరికిందని మురిసిపోయింది.

నాటకానికి ఇంకా మూడు వారాలుందనగా విక్రాంతబాబు మళ్ళీ నోరు పారేసుకున్నాడు. నల్లపిల్ల పక్కన నిలబడితే ఇంకో రెండు లైట్లు అద్దెకి తేవాలి అన్నాడు. మద్రాసులో మహిళా సంఘాలు దిష్టిబొమ్మ తగలబెట్టాయి. సరదాకి అన్నానని అతను చేతులు దులుపుకున్నాడు. ఖరగ్‌పూర్‌లో మటుకు ఆ మాట చాలామందికి తెగ నచ్చింది. టిక్కెట్టు కొనడానికి వచ్చి, "లైటు వేయించమంటారా మేడం?" అని గంగాభవానిని అడిగి నవ్వుకునేవారు. ఆ పిల్ల పద్యాలకి రావడం మానేసింది.

ఆ సమయంలో సంఘం ప్రెసిడెంటు రామమూర్తి గారు కొట్టుకి వచ్చారు. రిటైరైన హెడ్ క్లర్కు, మంచిమనిషే. తనకేమీ పట్టింపు లేదన్నారు. జనం నవ్వితే పిల్ల చిన్నబోతుందన్నారు. అందుకని తమ బంధువులమ్మాయిని, పచ్చగా ఉంటుంది, ద్రౌపదిగా నిలబెడతారట. ఆ అమ్మాయికి పద్యం రాదు కాబట్టి గంగాభవాని తెర వెనక నుంచి పాడాలట.

రాజ్యలక్ష్మికి ఒళ్ళు మండిపోయింది. "ద్రౌపది నల్లగా ఉంటాదనే గదండీ కృష్ణ అని పేరెట్టినారు?"

"పురాణం వేరు, స్టేజీ వేరమ్మా."

ఆవిడ మొగుడికేసి చూసింది. ఎక్కడో మద్రాసులో ఉన్నవాణ్ణి వెలివేసే మహానుభావుడు, ఎదురుగా ఉన్న మనిషిని ఏమంటాడో అని. ఆయన చింతపండు తూస్తున్నారు. "అయితే తెల్లగుంటే సాలునాండి? పద్యం రాకపోయినా పరవాలేదా?" అని మాత్రం అడిగారు. సర్దుకుంటాం అన్నారు రామమూర్తి గారు. ఈయన తలూపి పొట్లం కట్టేశారు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అని పైకే అని, రాజ్యలక్ష్మి ఆయనతో మాటలు మానేసింది.

మర్నాడు సాయంత్రం రిహార్సలుకి ఆవిడ గంగాభవానిని చెయ్యి పట్టుకుని లాక్కువచ్చింది. ఆ పిల్ల మూల బల్ల మీద తల వంచుకుని కూర్చుంది. బయట ఏదో గోల వినిపించి అందరూ గుమ్మం వైపు తిరిగారు. రాజ్యలక్ష్మికి ముందు కనిపించింది మొగుడు కాదు, తన పెళ్ళి పట్టుచీర. దాని లోపల మొగుడున్నాడు. మొహం, మెడ, చేతులు, మీసాలతో సహా, కొట్లోంచి దింపేసిన విక్రాంతబాబు బొమ్మ పౌడరు డబ్బా మొత్తం కుమ్మరించుకుని ఉన్నాడు. వెనకాల సగం బజారు ఉంది.

"నమస్కారమండి. ద్రౌపది వేషానికి వచ్చినాను," అన్నారు నగరేశ్వరరావు గారు. "ఈ తెలుపు సాలుతాదా? ఇంకో డబ్బా తెచ్చినాను."

"ఏటిది నగరేశం, మతి పోయిందేటి?" అన్నారు రామమూర్తి గారు.

"నిన్న తమరే గదండీ సెప్పినారు, తెల్లగుంటే సాలని. నాకూ పద్యం రాదు. ఎనకనించి మా గంగ పాడతాది."

ఆ మాట అంటూనే ఆయనకి తుమ్ము వచ్చింది. హాలు హాలంతా పౌడరు లేచింది. ఆ తెల్లటి దుమ్ములోంచి మొదట పగలబడి నవ్వింది గంగాభవాని. తరవాత నవ్వనివాడు లేడు. రామమూర్తి గారు కళ్ళజోడు తీసి పౌడరు తుడుచుకున్నారు. ఆఖరికి గంగాభవాని దగ్గరికి వెళ్ళి, "తప్పు నాదేనమ్మా. లే, నువ్వే పాడు. వీడు ద్రౌపదయితే పాండవులు ముందురోజే వనవాసానికి పోతారు," అన్నారు.

దారి పొడుగునా "ద్రౌపదిగారూ" అని జనం నగరేశ్వరరావు గారిని పిలుస్తూనే ఉన్నారు. లైట్ల మాట ఎత్తినవాడు లేడు. రాజ్యలక్ష్మి మాత్రం పౌడరు కొట్టుకుపోయిన పట్టుచీర అంచు చూసి సణుగుతూ నడిచింది.

"సీర నేను బాగుసేయిస్తాను పిన్నీ. బాబాయిని ఏటీ అనకండి," అంది గంగాభవాని. "అప్పుడు కూడా ఇలాగే సేసినారు."

"ఎప్పుడే?"

"ఆ సినిమా ఆవిడ ఫొటోకి దండ ఏసినప్పుడు. నేను మా ఆయన్ని వదిలేసి వచ్చిన వారమే అది. ట్రాఫిక్ అంతా నా గురించే మాటలు. బాబాయి దండ ఏసినాక నన్ను మర్సిపోయి ఆయన్ని సూసి నవ్వుకున్నారు."

రాజ్యలక్ష్మి రోడ్డు మీదే నిలబడిపోయింది. ఎదురు మాట్లాడిందని వీధి చివరింటాయన పెళ్ళాన్ని గడప బయట నిలబెట్టినది సబ్బులు దిగిన వారమే. ఇక్కడ చదువుకోవడానికి వచ్చిన ఆఫ్రికా అబ్బాయిని కొట్టు ముందు ఆకతాయిలు రంగు పేరుతో పిలిచినది బిస్కెట్లు దిగిన వారమే. పాత పత్రికలు ఎప్పుడూ కొట్లోనే ఉన్నాయి. ఆయన కోపం మాత్రం అవసరం పడ్డ వారమే వచ్చేది. ఇన్నేళ్ళూ ఆలస్యంగా చదివే మనిషి అనుకుంది. సంతోషమూ సిగ్గూ ఒక్కసారే కలిగాయి ఆవిడకి. ఇంటికెళ్ళి నిలదీస్తే, "నాకేటి తెలుసు, కాగితం మీద కనపడింది, కోపం వచ్చింది," అని ఆయన మెడ గోక్కున్నారు.

నాటకం రోజు గంగాభవాని మొదటి పద్యం ఎత్తుకోగానే హాలు నిశ్శబ్దమైంది. పూర్తికాగానే వన్స్‌మోర్ అని కేకలు. అందరికంటే గట్టిగా అరిచింది రామమూర్తి గారు. ఆ పిల్ల మళ్ళీ పాడింది, మళ్ళీ అడిగారు. ముందు వరసలో నగరేశ్వరరావు గారు నోరు తెరుచుకుని గురక పెడుతున్నారు. ఆయనకి పద్యమంటే పడదు. రాగం మొదలైతే నిద్రొచ్చేస్తుంది. బాలాంబ గారు వంగి, లేపమంటావా అని అడిగింది.

రాజ్యలక్ష్మి ఆయన తల పక్కకి వాలకుండా తన భుజం ఆనించింది.

"పడుకోనీ వదినా. వేషం కట్టి అలిసిపోనారు."