వోల్మెర్ చెవి

చీజు గిడ్డంగిలో సుత్తితో కొట్టేముందు వోల్మెర్ ఎప్పుడూ తల ఎడమవైపు వంచేవాడు. ఎడమ కన్ను మూసేవాడు. ఊపిరి బిగబట్టి చీజు చక్రం మీద ఒక దెబ్బ వేసేవాడు. ఏడాదిపాటు అరల్లో ముదిరిన చక్రం అది. లోపల పగులుందో, గాలి చేరిందో ఆ చప్పుడే చెప్పాలి. మంచిదైతే ఊపిరి వదిలేవాడు. కాకపోతే కత్తి తీసి తొక్క చుట్టూ గీతలు గీసేవాడు. గీతలు పడ్డ చక్రాన్ని పారేయరు. అదీ అమ్ముడుపోతుంది. కాని కొనేవాడికి సంగతి తెలియాలి.

పార్మా ఊళ్ళో పాటల నాటకాలాడే ఒపేరా థియేటరు పై గ్యాలరీలోనూ, మూడో స్తంభం పక్కన, అలాగే తల వంచి కూర్చునేవాడు. అక్కడి టికెట్ల మీద సీటు నంబర్లుండవు. అయినా నలభై ఏళ్ళుగా ఆ చోట మరొకరు కూర్చోలేదు.

గాయకుడు ఫియొరెంజో మల్దొతి చనిపోయాడని తెలిసిన రోజు వోల్మెర్ మధ్యాహ్నం భోజనం ముట్టలేదు. భార్య ఇయోలె పళ్ళెం వెనక్కి తీసుకుంటూ, "మా నాన్న పోయినప్పుడు రెండుసార్లు వడ్డించుకుని తిన్నావు," అంది.

"మీ నాన్న పాడేవాడు కాదుగా," అన్నాడు.

మల్దొతి ముప్పై ఏళ్ళపాటు ఈ ఊరికి వచ్చి పాడాడు. ఇద్దరూ ఎన్నడూ కలుసుకోలేదు. కాని మల్దొతి ఎప్పుడు వచ్చినా, మూడో అంకం మొదలవబోతుంటే ఒకసారి తలెత్తి స్తంభం వైపు చూసేవాడు. వోల్మెర్ తల ఊపేవాడు. అంతే.

గ్యాలరీ శ్రోతల సంఘం ఆదివారం సంతాప సభ పెట్టింది. సంఘం పెద్ద, మందుల షాపు గుయిదొత్తి, ప్రసంగం రాశాడు. అందరికంటే పాత చెవి వోల్మెర్‌ది కనక చదవాల్సింది అతనే. శనివారం సాయంత్రం బార్‌లో వోల్మెర్ ఆ కాగితం చదివి బల్లమీద పెట్టాడు.

"ముప్పై ఏళ్ళలో ఒక్క స్వరం తప్పలేదని రాశావు."

"అయితే?"

"తప్పింది. మొదటిసారి వచ్చినప్పుడు. మూడో అంకంలో."

"ఒరేయ్, రేపు ఆయన భార్య ముందు వరసలో కూర్చుంటుందిరా. పోయినవాడి గొంతుమీద కూడా నీ సుత్తేనా?"

"ఉన్నప్పుడు వేశాను. ఇప్పుడు మానేస్తే ఆయన్ని చులకన చేసినట్టు."

"ఆ మాట నోట్లోంచి వచ్చిందో, ఇక ఆ స్తంభం నీది కాదు. నేనే వచ్చి కూర్చుంటా. మాలో ఒక్కడు నీతో మాట్లాడితే ఒట్టు."

"కూర్చో. చలికాలం అక్కడ ఈదురుగాలి కొడుతుంది," అని వోల్మెర్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

సభలో ఆ మడత విప్పలేదు.

"మొదటిసారి వచ్చిన రాత్రి పై స్వరం దగ్గర ఆయన గొంతు పగిలింది," అన్నాడు. "మేం ఎగతాళి ఈలలు వెయ్యలేదు, ఊరుకున్నాం. మా గ్యాలరీలో ఈల కంటే నిశ్శబ్దమే ఘోరం. నేను లేచి, లోపల గాలి చేరింది, మళ్ళీ పాడు అన్నాను. అందరూ నవ్వారు. ఆయన పైకి చూశాడు. వాద్యాలు ఆపించాడు. మళ్ళీ పాడాడు."

ముందు వరస వైపు తిరిగాడు.

"రెండోసారి ఎలా పాడాడో చెప్పడం నాకు రాదు. ఊపిరి వదలడం మరిచిపోయాను. తప్పెరగని గొంతులు చాలా విన్నాను. తప్పిన చోటికే తిరిగొచ్చి నిలబడిన గొంతు ఒక్కటే విన్నాను. గీత చెరిపేసి మీకు చూపించలేను."

హాలు నిశ్శబ్దమైంది. అది ఏ నిశ్శబ్దమో అక్కడున్న వాళ్ళందరికీ తెలుసు. గుయిదొత్తి నేల చూపులు చూశాడు. ముందు వరసలోంచి మల్దొతి భార్య మెల్లగా లేచింది.

"ఆ రాత్రి పైనుంచి అరిచింది మీరేనా?"

"నేనేనమ్మా."

"మిమ్మల్ని చంపేస్తానన్నాడు. తెల్లారేదాకా హోటల్ గదిలో తిరుగుతూనే ఉన్నాడు. నన్నూ పడుకోనివ్వలేదు."

"తప్పు లేదమ్మా. ఆయన స్థానంలో నేనున్నా అదే అనేవాణ్ణి."

"తర్వాత ఏ ఊళ్ళో చప్పట్లు మోగినా, వీళ్ళు మంచివాళ్ళు, పార్మాలో పాడితే గాని బాగా పాడానో లేదో తెలీదు, అనేవాడు." ఆమె గుయిదొత్తి వైపు తిరిగింది. "ఇక ఆయన పాట పెట్టండి."

పాట పెట్టారు. అయిపోయాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కుర్చీలు కూడా కదల్లేదు.

బయట మెట్ల దగ్గర గుయిదొత్తి వోల్మెర్‌ని ఆపాడు.

"ఆ స్తంభం దగ్గర నిజంగానే గాలి కొడుతుందా?"

"మెడ పట్టేస్తుంది."

"అయితే నువ్వే ఏడువు అక్కడ," అన్నాడు గుయిదొత్తి, టోపీ సర్దుకుంటూ.

మర్నాడు ఉదయం ఆరింటికి వోల్మెర్ చీజు గిడ్డంగి తలుపు తెరిచాడు. కింది అరలోంచి మొదటి చక్రాన్ని దించాడు. తల ఎడమవైపు వంచి, కన్ను మూసి, ఒక దెబ్బ వేశాడు. చప్పుడు బోలుగా వచ్చింది. అదే చోట ఇంకోసారి కొట్టి విన్నాడు. తర్వాత కత్తి తీసి, తొందరపడకుండా, చుట్టూ గీతలు గీశాడు. రెండో చక్రం దించాడు.