గ్లాసు మీద గుప్పెడు

అన్నం మానేశానని ఊరంతా చెప్పుకు తిరిగిన రోజులవి. ఎచ్చెర్లలో ఒక కాలేజీ ఆఫీసులో ఉద్యోగం, దగ్గర్లోనే మేడ మీద ఒక గది, నలభై నాలుగేళ్లు, పెళ్లి చేసుకోలేదు. ఊరంతా అంటే ఎవరనుకున్నారు? ఆఫీసులో ఇద్దరు, కూరగాయలమ్మే ఆవిడ. అంతే.

శ్రీకాకుళంలో డాక్టరుగారు రక్తపరీక్ష కాగితం చూసి, షుగరు అంచు మీద ఉంది, మూడు నెలల్లో బరువు తగ్గకపోతే మాత్రలు తప్పవన్నారు. మా అమ్మకీ ఒక్క మాత్రతోనే మొదలైంది. తర్వాత సూదులు, తర్వాత కాలి వేళ్లు తీసేశారు, తర్వాత తనే పోయింది. ఆ కాలికి రోజూ కట్టు కట్టింది నేను. రేపు నా కాలికి ఎవరు కడతారు? ఆస్పత్రి నుంచి బస్సులో వస్తున్నంతసేపూ అదే ఆలోచన.

అందుకే అన్నం మానేసి పాస్తా మొదలుపెట్టాను. నవ్వకండి. మా వైపు అన్నం తింటేనే భోజనం, మిగతాదంతా టిఫిను. టిఫిను లెక్కలోకి రాదు. పైగా ప్యాకెట్టు మీద గోధుమ అని ఉంది, షుగరున్నవాళ్లు తినేది గోధుమే కదా! ఉల్లిపాయ, టమాటా, పచ్చిమిర్చి వేసి, ధారాళంగా నూనె పోసి, పైన చీజు తురుముకుని రెండు పూటలా లాగించేదాన్ని. ఎంత త్యాగం చేస్తున్నానో అని నా మీద నాకే జాలి కూడాను.

నెలన్నరకి రెండు కిలోలు పెరిగాను.

డాక్టరుగారు నన్ను పక్కగదిలో తిండి పట్టికలు రాసే అమ్మాయి దగ్గరకి పంపారు. ఆ అమ్మాయికి పాతికేళ్లుంటాయి. బియ్యమైనా పాస్తా అయినా, వండకముందు వంద గ్రాములు తూస్తే క్యాలరీలు ఇంచుమించు ఒకటేనండీ అంది. పేరు మారితే ఒళ్లు తగ్గదు, కొలత మారాలి అంది. చెప్పొచ్చావులే అనుకున్నాను. ఎంత వండుతారని అడిగింది. బియ్యం కొలిచే స్టీలు గ్లాసుతో ఒక గ్లాసు, పైన ఒక గుప్పెడు అని చెప్పాను.

"ఇంట్లో ఎంతమందండీ?"

"నేనొక్కదాన్నే."

"మరి ఆ గుప్పెడు ఎవరికి?"

నాకు ఒళ్లు మండిపోయింది. పట్టిక లాక్కుని బయటికొచ్చేశాను. మెట్ల దగ్గరకొచ్చేసరికి కోపం దిగిపోయి ఏడుపొచ్చింది.

ఆ గుప్పెడు మా అమ్మది. పొందూరు దగ్గర మా ఊళ్లో సోలతో బియ్యం కొలిచాక పైన ఒక గుప్పెడు వెయ్యకుండా అమ్మ ఎప్పుడూ ఎసట్లో పొయ్యలేదు. ఎందుకే అంటే, "ఎవులైనా వస్తే ఏటి పెడతామే?" అనేది. నిజంగానే ఎవరో ఒకరు వచ్చేవారు. నా గదికి నాలుగేళ్లలో ఎవరూ రాలేదు. గ్యాసు బండ తెచ్చేవాడు కూడా గుమ్మం దాటడు. అయినా చెయ్యి దానంతటదే గుప్పెడు వేసేది. పారెయ్యడానికి మనసొప్పక అదీ నేనే తినేదాన్ని. రాని చుట్టాల వాటా నాలుగేళ్లుగా నేనే తిన్నానన్నమాట.

ఆస్పత్రి నుంచి వచ్చేటప్పుడు చిన్న కాటా ఒకటి కొన్నాను. నా గ్లాసూ గుప్పెడూ కలిపి తూస్తే నూట అరవై గ్రాములు. ప్యాకెట్టు వెనక ఒక మనిషికి డెబ్బై ఐదు అని ఉంది. నేను రోజూ ఇద్దరికి వండుతున్నాను. ఆ రోజు నుంచి డెబ్బై ఐదే తూచాను. బీన్సు, క్యారెట్టు, బీరకాయ ముక్కలు ఎక్కువ వేసి, నూనె చెంచాతో కొలిచి, చీజు మానేశాను. ఆకలి రెండు వారాల్లో అలవాటైపోయింది. గుప్పెడు వెయ్యకపోవడం మాత్రం అలవాటు కాలేదు. గుప్పెడు వెయ్యబోతున్న అమ్మ చేతిని నేనే పట్టుకుని ఆపినట్టుండేది.

మూడో నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం, కింద వాటాలో ఉండే ఇంటివాళ్ల మామ్మ మెట్లన్నీ ఎక్కి ఆయాసపడుతూ వచ్చింది. ఇంట్లోవాళ్లందరూ విజయనగరం పెళ్లికి వెళ్లారట, ఒక్కదానికి తినబుద్ధి కాలేదట. ఏమి వండానని అడిగింది. గిన్నెలో ఉన్నది నా డెబ్బై ఐదు గ్రాములు. నాలుగేళ్లు గుప్పెడు వేస్తే రాని మనిషి, మానేశాక వచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను. రెండు పళ్లేల్లో సగం సగం పెట్టాను. "ఇదేటే, పిట్టకి పెట్టినట్టు?" అంటూనే శుభ్రంగా తినేసింది. రోజూ ఇలా ఒక్కదాన్నే తింటానా అని అడిగింది. అలవాటైపోయిందన్నాను. అబద్ధం.

పరీక్షలో షుగరు దిగింది. మాత్రలు అక్కర్లేదన్నారు. ఆ కబురు చెప్పుకుందామని ఫోను తీసి, ఎవరికి చెయ్యాలో తెలియక మళ్లీ పెట్టేశాను.

తర్వాతి ఆదివారం డెబ్బై ఐదు తూచి, పక్కన ఇంకో డెబ్బై ఐదు తూచాను. వండి, రెండు పళ్లేలు పెట్టుకుని కూచున్నాను. ఒంటిగంట దాటినా మామ్మ రాలేదు. రెండో పళ్లెం వైపు చెయ్యి వెళ్లబోయింది. అప్పుడు తట్టింది, ఎవరూ రాలేదు, రాలేదని ఇన్నేళ్లు ఏడ్చిన నేను ఎవరింటికి వెళ్లానని?

రెండూ డబ్బాలో సర్దుకుని మెట్లు దిగి తలుపు కొట్టాను. మామ్మే తీసింది. డబ్బా వంక, నా వంక చూసింది.

"నాలుగేళ్లకి కిందకి దారి తెలిసినాదేటే? రా, కూకో. నానూ తినలేదు."

లోపలికెళ్లి కూచున్నాను.