పెరుగన్నం పిల్లి

1986లో నన్ను నల్లగొండ జిల్లా నుంచి ఎల్బీనగర్ దగ్గరి ప్రభుత్వ పశువైద్యశాలకు బదిలీ చేశారు. హోదా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. పేరులో సర్జన్ ఉన్నా, రోజంతా గేదెల చూడి పరీక్షలు, గొర్రెల టీకాలతోనే సరిపోయేది. చుట్టూ ద్రాక్షతోటలు పీకి ప్లాట్లు వేస్తున్న కాలం. గేదెలు తగ్గుతున్నాయి, మేడలు పెరుగుతున్నాయి. మా శాఖకు మాత్రం ఆ సంగతి తెలియదు. నెలవారీ నివేదికలో ఆవుకు, గేదెకు, గొర్రెకు, కోడికి గడులు ఉండేవి. కుక్కా పిల్లీ 'ఇతరములు'. ఒకసారి ఆ గడిలో అంకె కాస్త పెరిగితే మా అసిస్టెంట్ డైరెక్టరు, అంటే నా పై అధికారి, పిల్లి ఎన్ని లీటర్లు పాలిస్తుందని అడిగి తన హాస్యానికి తానే నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు.

ఆ ఎండాకాలం పార్థసారథిగారనే పెద్దమనిషి వచ్చారు. గుంటూరు వైపువారు, లెక్కల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. మగ డాక్టరు ఎప్పుడొస్తారని ముందు నన్నే అడిగారు. డాక్టరును నేనే అన్నాక, వేరే గతిలేదన్నట్టు కూర్చున్నారు. వెనక ఆయన భార్య శారదమ్మ, ఆమె చేతిలో మూత పెట్టిన వెదురు బుట్ట. బుట్టలో తెల్ల పిల్లి, పేరు మల్లి.

పిల్లి మెడ కిందికి వాలిపోయింది. బొచ్చు ఊడుతోంది. కంటిపాపలు పెద్దవై, టార్చి వేసినా ముడుచుకోలేదు. చేతిని కంటి ముందు ఆడిస్తే రెప్ప వేయలేదు. శారదమ్మ "గుమ్మం కనపడక గుద్దుకుంటోందమ్మా. పిలిస్తే వస్తుంది, కానీ గోడకేసి వస్తుంది" అంది. బుట్ట అంచును వదలకుండా పట్టుకుంది. వాళ్లకు పిల్లలు లేరు. పదేళ్లుగా ఆ పిల్లి ఆమె పక్కలోనే పడుకునేది.

ఏం తింటుందని అడిగాను. జవాబు పార్థసారథిగారు చెప్పారు, సన్మానసభలో ప్రసంగించినట్టు. మల్లి నీచు ముట్టదు. పాలు, పెరుగన్నం, నేతి చుక్క వేసిన ముద్దపప్పు. ఏకాదశి నాడు పాలు మాత్రమే. కాలనీలో జనం ఈ వింత చూసిపోవడానికి వస్తారట. పూర్వజన్మ సుకృతమని ఎవరో స్వామివారు కూడా సెలవిచ్చారట. ఆ సుకృతం చేసుకున్న జీవి మెడ ఎత్తలేక బుట్టలో పడి ఉంది.

మా చదువులో పిల్లికి దక్కింది రెండు పేజీలు. కానీ ఏ జంతువుకైనా పద్ధతి ఒకటే. రోగం పేరు తెలియనప్పుడు, రోగానికి ముందు ఏం మారిందో వెతకాలి. వీళ్లు దిల్‌సుఖ్‌నగర్ వెనక పాత ఊళ్లో కిరాయికుండి, ఏడాది కిందట సొంత ఇల్లు కట్టుకుని వచ్చారు. విషమేమోనని ఇంటికి వెళ్లి చూశాను. పునాదిలో పోసిన చెదలమందు, రంగులు, బోరు నీళ్లు, అన్నీ ఆరా తీశాను. విషమైతే పిల్లి ఏడాది ఆగదు. ఆ ఇంట్లో నాకు కనిపించినవి కిటికీలన్నిటికీ బిగించిన జాలీలు, ఎప్పుడూ మూసి ఉండే వెనక తలుపు. కొత్త స్లాబు ఇల్లు, ఎలుక చొరబడే సందు లేదు. పార్థసారథిగారు ఇల్లంతా తిప్పి చూపించారు, పూజగదిలో పరిచిన రాళ్లు ఎక్కణ్నుంచి తెప్పించారో కూడా చెప్పారు. పిల్లి ఊసు మాత్రం ఎత్తలేదు.

మర్నాడు వాళ్ల పాత ఇంటి యజమానురాలు నర్సమ్మ దగ్గరికి వెళ్లాను. ఉన్న పొలమంతా ప్లాట్లుగా అమ్మినా రెండు గేదెలను మాత్రం ఉంచుకున్న మనిషి. తెల్ల పిల్లి పెరుగన్నమే తినేదా అని అడిగితే నోట్లో తమలపాకు ఉమ్మి మరీ నవ్వింది.

"గా పిల్లా? పొద్దూకంగనే గోడ దుంకి ఒస్తుండె డాక్టరమ్మా. కోడిని కోస్తే కార్జమంత దానికే. ఇగ మా గడ్డివాము కాడ ఒక్క ఎలుకను మిగిల్చిందా?"

మరి వాళ్లకెందుకు చెప్పలేదన్నాను.

"చెప్తే పరేషాన్ అయితరు గద. గాయన మా పిల్లి నీచు ముట్టదమ్మా అని ఎంత సంబరంగ చెప్పేటోడు! మనకెందుకు తియ్, అని ఊకున్న."

పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందని సామెత. ఇక్కడ కళ్లు మూసుకున్నది పిల్లి కాదు.

సాయంత్రం వెళ్లి పార్థసారథిగారికి చెప్పాను. ఈ రోజు నుంచే కార్జం ఉడికించి పెట్టాలి, చేపలు పెట్టాలి, లేకపోతే పిల్లి దక్కదు. ఆయన ముందు నమ్మలేదు. ఊళ్లో తెల్ల పిల్లులు చాలా ఉన్నాయి, నర్సమ్మ పొరబడిందన్నారు. తరవాత కొత్తగా గృహప్రవేశమైన ఇంట్లో నీచా అని లేచి నిలబడ్డారు. చివరికి ఏదైనా ఇంజెక్షన్ ఇవ్వమన్నారు. నా దగ్గరున్నది లివర్ ఎక్స్‌ట్రాక్ట్. పశువుల కార్జం నుంచి తీసిన మందే అది. ఆ మాటే చెప్పాను. ఔషధానికి దోషం లేదు, పొడవండి అన్నారు. నోటితో తింటే మైల, తొడలో గుచ్చితే మడి! ఇంత సులువైన ధర్మశాస్త్రం నేనెక్కడా వినలేదు. శారదమ్మ పిల్లిని పట్టుకుంది, నేను సూది వేశాను.

సూదిమందుతో మెడ కాస్త లేచింది, అంతే. పిల్లికి మాంసంలో తప్ప దొరకని పదార్థం ఒకటి కావాలని, అది అందకపోతే కంటి వెనక పొర చచ్చిపోతుందని, ఆ తరవాత గుండె కూడా దెబ్బతింటుందని నేను చదివింది చాలా ఏళ్ల తరవాత. అప్పటికి నాకు తెలిసింది ఒక్కటే. ఆ ఇంట్లో పిల్లి ఆకలితో చస్తోంది, ఎదురుగా వెండిగిన్నెలో పెరుగన్నం ఉంది.

వారం తిరక్కుండా శారదమ్మ ఒక్కతే బుట్టతో వచ్చింది. కార్జం ఎంత పెట్టాలి, ఉప్పు వేయవచ్చా, రోజుకు ఎన్నిసార్లు అని అడిగింది. ఇంట్లో ఒప్పుకున్నారా అన్నాను. నర్సమ్మ గారింట్లో ఉంచుతానంది. తరవాత బుట్టలోకి చూస్తూ అంది.

"నాకు తెలుసండి. పాత ఇంట్లో గోడ దిగి వచ్చేటప్పుడు మూతి నాక్కుంటూ వచ్చేది. దాని మూతి తుడిచి లోపలికి తెచ్చేదాన్ని. ఆయన నలుగురిలో అంత గొప్పగా చెప్పుకుంటుంటే ఎలా కాదనను? ఇక్కడికొచ్చాక అదే అలవాటు పడుతుందనుకున్నా." మళ్లీ తనే అడిగింది. "మొదటి రోజే మీతో చెప్పుంటే దీని కళ్లు మిగిలేవా?"

మొదటి రోజుకే ఆలస్యమైపోయిందని చెప్పాను. అది నిజం. మరి ఇల్లు మారినప్పుడే చెప్పుంటేనో అంది. మిగిలేవన్నాను. అదీ నిజమే. ఆమె తల ఊపి, బుట్ట మూత పెట్టుకుని, ఇంటికి వెళ్లకుండా నేరుగా దిల్‌సుఖ్‌నగర్ బస్సెక్కింది.

మల్లి నర్సమ్మ పెరట్లో ఇంకా కొన్నేళ్లు బతికింది. బొచ్చు వచ్చింది, మెడ నిలిచింది, చూపు రాలేదు. గేదెలకు మందు వేయడానికి వెళ్లినప్పుడు రెండు మూడుసార్లు శారదమ్మ అక్కడే కనిపించింది. కార్జం ముక్కలు తన చేత్తోనే పెట్టేది. అయ్యాక అక్కడి పంపు కింద మోచేతులదాకా కడుక్కుని ఇంటికి వెళ్లేది. పార్థసారథిగారు మాత్రం ఇంజెక్షనుతోనే నయమైందని, పాత ఇంటి మీద మమకారంతో పిల్లి అక్కడికి వెళ్లిపోయిందని కాలనీలో చెప్పుకున్నారు. నా వైద్యాన్ని మెచ్చుకున్నారు కూడా. ఆ మెప్పు నాకు అక్కర్లేదు.

ఆ కేసు తరవాత పద్ధతి మార్చుకున్నాను. ఇంటిల్లిపాదినీ ఒక చోట కూర్చోబెట్టి అడిగితే దొరికేది ఇంటి యజమాని జవాబు ఒక్కటే. అందుకని జంతువును తూకం వేయాలనో, నీళ్లు కావాలనో చెప్పి పెద్దమనిషిని బయటికి పంపి, బుట్ట మోసుకొచ్చిన మనిషిని విడిగా అడిగేదాన్ని. రిటైరయ్యేదాకా అలాగే చేశాను.