చేపల పెట్టెలో పొదిగిన గుడ్లు

ఆ కోడిపెట్టను చంపింది నేనే. దాచడానికేమీ లేదు, నా కూతురు గుమ్మంలో నిలబడి చూసింది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పోర్ట్ బ్లెయిర్‌లో చేపల పెట్టెలు కట్టే పని నాది. థర్మాకోల్ పెట్టెలో ఐసు పరిచి, చేపలు పేర్చి, మళ్ళీ ఐసు పోసి, మూత బిగించి రంగత్ బస్సుకెక్కిస్తాం. ఆ రోజు చేప ముల్లొకటి బొటనవేలి మొదట్లో లోతుగా దిగింది. సలుపుతున్న చేత్తో ప్రోతరాపూర్‌లోని ఇంటికి చేరాను. వెనక రేకుల షెడ్డులో పెట్ట బుట్టలో కూర్చుని పొదుగుతోంది. పక్కనున్న తాడు తీయబోతే సరిగ్గా ఆ గాయం మీదే పొడిచింది. ఒళ్ళు మండిపోయింది. మెడ పట్టుకుని గోడకేసి కొట్టాను. రెండో దెబ్బ అవసరం రాలేదు.

ఆ పెట్ట నా కూతురిది. పదేళ్ళ అమ్మాయి, దాన్ని పిల్లప్పటి నుంచి అన్నం మెతుకులు తినిపించి పెంచుకుంది. ఏడవలేదు. చచ్చిన కోడిని దాటుకుని వచ్చి గుడ్ల మీద రెండు అరచేతులూ కప్పింది.

"నాన్నా, అండే చల్లారిపోతన్నాయి. జల్దీ ఏదో ఒకటి చెయ్యి."

చప్పుడుకి మా ఆవిడ పరిగెత్తుకొచ్చింది. "ఆఖరికి కోడి మీద కూడానా! పాగల్ అయిపోనావేటి?" అంది. ఆ గుడ్లు బతికితే తప్ప నా కూతురు మళ్ళీ నా మొహంలోకి చూడదని నాకు తెలిసిపోయింది.

సెల్‌ఫోన్‌లో వీడియోలు చూసి, గంటలో పెట్టె తయారు చేశాను. కొత్త థర్మాకోల్ పెట్టె, రెండు బల్బులు, వేడి ఎక్కువైతే వాటిని ఆర్పే చిన్న మీట, తడి కోసం గిన్నెలో నీళ్ళు. పెట్టె చేతికొస్తే నేను మొట్టమొదట చేసే పని ఒకటుంది. ఐసు కరిగిన నీళ్ళు పోవడానికి అడుగున ఒక మూల కత్తిమొనతో బొటనవేలంత బొక్క పొడుస్తాను. ఏళ్ళ తరబడి చేసిన పని, చెయ్యి దానంతటదే చేసేస్తుంది. ఈ పెట్టెకూ పొడిచాను. పొడిచిన సంగతి అప్పుడు నాకే తెలియలేదు.

అప్పటికి పెట్ట వారం రోజులు పొదిగింది. ఇంకా రెండు వారాలు. అమ్మాయి రోజూ గుడ్లు తిప్పేది, నీళ్ళు పోసేది, నాతో మాట్లాడేది కాదు. కరెంటు పోయినప్పుడల్లా నేను పవర్‌హౌస్‌ను నానా బూతులూ తిట్టి స్టూలు తన్నేవాణ్ణి. తను వేడినీళ్ళ సీసాలకు తువ్వాలు చుట్టి గుడ్ల పక్కన పెట్టేది. ఒకరోజు గుడ్డు వెనక సెల్‌ఫోన్ లైటు పెట్టి చూసింది. లోపల ఎర్రటి నరాలు, మధ్యలో కొట్టుకుంటున్న చుక్క. "జిందా ఉన్నాయి," అంది, నన్ను చూడకుండానే. ఆ ఒక్క మాటకి నాకు ఆకలేసింది.

ఆదివారం మధ్యాహ్నం మొదటి గుడ్డు పగిలింది. పుట్టడం ఇంత మోటుగా ఉంటుందని నేననుకోలేదు. లోపలి నుంచి ముక్కుతో పొడిచి, ఆగి, మళ్ళీ పొడిచి, పెంకును తన్ని, నెత్తుటి చారలతో పిల్ల బయటపడింది. వేడి పోతుందని మూత వేసి అన్నానికి లేచాం. రెండో ముద్ద నోట్లో ఉండగానే పెట్టెలోంచి సన్నటి అరుపు.

మూత తీస్తే జెర్రి. మా దీవుల్లో కాన్‌ఖజూరా అంటారు, జానెడు పైనే ఉంది, పిల్ల మెడకు చుట్టుకుని కరుస్తోంది. కొబ్బరికాయలు కొట్టే కత్తి అందుకుని ఎత్తాను.

"నాన్నా, కొట్టకు! కింద అండే ఉన్నాయి!"

జెర్రి కిందే ఇంకో గుడ్డు, దాని పగులులోంచి ముక్కు బయటికి పెట్టి ఉంది. ఎత్తిన చెయ్యి ఆపడం నాకు అలవాటు లేదు. ఆపాను. కత్తి కింద పడేసి, వట్టి చేత్తో జెర్రిని పట్టి లాగాను. రెండుచోట్ల కరిచింది. భుజం దాకా నిప్పు పాకినట్టయింది. నేల మీదికి విసిరి, కత్తి తీసుకుని నరికాను. రెండు ముక్కలైనా నరికాను, ముక్కలన్నీ కదలడం మానేశాక కూడా నరికాను. సిమెంటు పెచ్చులు లేచి నా మొహానికే తగిలాయి. నోటికొచ్చిన బూతులన్నీ అరిచాను. ఆయాసంతో తలెత్తి చూస్తే, అమ్మాయి పెట్టెకు అడ్డంగా కూర్చుని ఉంది. చెవులు మూసుకుంది.

మొదటి పిల్ల చచ్చిపోయింది. దాన్ని తీశాక పెట్టె మూలలో నా బొక్క కనిపించింది. జెర్రి వచ్చిన దారి అదే. అమ్మాయి పాత బనీను గుడ్డ ఉండ చుట్టి బొక్కలో కుక్కింది. మా ఆవిడ నన్ను ఆసుపత్రికి లాక్కెళ్ళి ఇంజెక్షన్ చేయించి, కట్టు కట్టించింది. చెయ్యి బూరెలా ఉబ్బిపోయింది.

మిగతావాటిలో ఐదు పిల్లలయ్యాయి. నాలుగో రోజు సాయంత్రం అరుగు మీద కూర్చుంటే వాటిలో ఒకటి వచ్చి నా కట్టు చేతిలోకి ఎక్కింది. అమ్మాయి పక్కకొచ్చి కూర్చుంది. "నీ దగ్గరికి వచ్చింది నాన్నా," అని నా మొహంలోకి చూసి నవ్వింది. రెండున్నర వారాల తర్వాత. నా కళ్ళు చెమర్చాయి. అంతలో చెవి దగ్గర దోమ గుయ్‌మంటే, తోలుదామని మంచి చెయ్యి ఎత్తాను.

కోడిపిల్ల కదల్లేదు. నా కూతురు కళ్ళు గట్టిగా మూసుకుని, తల భుజాల్లోకి ముడుచుకుంది.

తన మీద నేనెన్నడూ చెయ్యి చేసుకోలేదు. ఆ మాటే చెప్పడం మొదలెట్టాను. గొంతు అప్పుడే పెద్దదవుతోందని నాకే వినిపించింది. నోరు మూసుకుని, ఎత్తిన చెయ్యి మెల్లగా కిందికి దించి, తను కళ్ళు తెరిచేదాకా ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాను.