బురద దారిలో వినిపించిన హారన్

దెయ్యాలున్నాయంటే నవ్వే మనిషిని నేను. మా అత్తయ్య మా బాబుకి దిష్టి తీస్తుంటే పక్కన కూర్చుని ఫోన్ చూసుకుంటాను. నా భయాలన్నీ మామూలువే. బాబుకి జ్వరం వస్తుందేమో, గ్యాస్ కట్టేశానో లేదో, నాకేమైనా అయితే వాడికి పాలెవరిస్తారు. వాడు పడుకున్నాక ఇది రాస్తున్నాను.

కాన్పయ్యాక చాలా నెలలకి ఈమధ్యే మళ్లీ బండి తీశాను. "తల్లివయ్యాక కూడా ఇవేం సరదాలమ్మా? అమ్మేయరాదూ" అన్నారు అత్తయ్య. వినలేదు.

ఆదివారం పొద్దున్నే దిల్‌సుఖ్‌నగర్‌ నుంచి వెళ్లి ఎల్బీనగర్‌లో, బైకుల మీద కలిసి తిరిగే మా గుంపుని కలిశాను. మీర్‌పేట్ దాటి, కాలనీలు అయిపోయాక పొలాల మధ్య మట్టిదారి పట్టాం. ముందురోజంతా వాన. చక్రాలకి బురద ముద్దలు ముద్దలుగా అంటుకుంటోంది.

మా గుంపులో ఒక పద్ధతి ఉంది. అందరికంటే వెనక యాదగిరి అన్న వస్తాడు. ఎవరి బండి ఆగినా వాళ్లని వదిలి రాడు. ఆయన పొడుగ్గా హారన్ కొడితే ఎందుకని అడక్కుండా ఆగిపోవాలి. ఆ రోజు ఆయనకి ముందు నేనున్నాను.

ఒకచోట దారి నిండా నీళ్లు. ముందువాళ్లు వెళ్లిన గాడి బాగా కెలికేసి ఉంది. అలాంటి గాడిలో చక్రం జారుతుందని, పక్కన కదలకుండా ఉన్న నీళ్లలోంచి పోవడం మాకు అలవాటు. హ్యాండిల్ అటు తిప్పాను.

వెనక, బాగా దగ్గర్లో, పొడుగ్గా హారన్.

బ్రేక్ వేశాను. "ఆగానన్నా!" అని అరిచాను కూడా. అద్దంలో ఎవరూ లేరు. తిరిగి చూశాను. బురదలో నా చక్రాల జాడ పక్కన, ముందెళ్లినవాళ్ల జాడలే ఉన్నాయి.

కాసేపటికి యాదగిరి అన్న బండి తోసుకుంటూ మలుపు తిరిగాడు.

"ఏందమ్మా, గీడ ఆగినవ్?"

"మీరే కదన్నా హారన్ కొట్టారు!"

"నేనేడ కొట్టిన? బ్యాటరీ పోయి అప్పటిసంది నూకుతున్న." బటన్ నొక్కి చూపించాడు. చప్పుడు లేదు. "ఆగు, జర లోతు చూస్త" అని పొడుగాటి కట్టె ఒకటి నా ముందున్న నీళ్లలోకి దించాడు. ఎంత దించినా అడుగు తగల్లేదు. గట్టు కూలిన పాత బావి. నిండి దారిలో నీళ్లతో కలిసిపోయింది.

ఆయన నా బండిని వెనక్కి లాగాడు. నాకు బాబు ఒక్కడే గుర్తొచ్చాడు.

చాయ్ దగ్గర మా గుంపులో కుర్రాళ్లు ఆటపట్టించకుండా ఊరుకోలేదు. "అక్కా, గా హారన్ యాడ దొరుకుతదో మాక్కూడ జర చెప్పరాదు!"

హెల్మెట్‌కి పెట్టుకున్న కెమెరాలో అంతా రికార్డయింది. ఇంట్లో చాలాసార్లు విన్నాను. నా అరుపు ఉంది. హారన్ లేదు. భ్రమే అనుకుందాం. మరి అక్కడ బావి ఉందని నా భ్రమకెలా తెలిసింది?

"అది హెచ్చరికే. ఇంక బండి అమ్మేయ్" అన్నారు అత్తయ్య.

"ఇంటికి పొమ్మని కొట్టలేదత్తయ్యా. ఆగమని కొట్టింది. ఆగాను."

ఆవిడ ఇంకా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. నేనూ తగ్గలేదు. ఈ ఆదివారం మళ్లీ అదే దారిన వెళ్తున్నాం, బావి చుట్టూ ముళ్లకంప వేయడానికి. వెనక వచ్చేవాళ్లకి ఏ హారనూ వినిపించకపోవచ్చు.

ఆ రోజు కొట్టిందెవరో నాకు తెలియదు. తెలియకుండానే వెళ్తున్నాను.