ఒకే పేరు మీద ఇద్దరు

క్లారినెట్ మాస్టారికి ఇన్నేళ్ళ కాపురంలో భార్య మీద ఏ ఫిర్యాదూ లేదు, ఆవిడ చెవుల మీద తప్ప.

ఆయన బడిలో పిల్లలకు సంగీతం చెప్పేవారు. వయసులో ఉండగా ఒక చిన్న రికార్డింగు కంపెనీకి కొన్ని పాటలు వాయించారు. అవి క్యాసెట్లుగా వచ్చి, దుకాణాల్లో దుమ్ముకొట్టుకుపోయాయి. ఇంట్లో మాత్రం పొద్దుటి సాధన ఏనాడూ మానలేదు. భార్య అదే గదిలో కుట్టుమిషను తొక్కుతూ, బిగుతైన బట్టలు వదులు చేస్తూ, వదులైనవి బిగిస్తూ ఉండేది. ఎలా ఉందని అడిగితే "బాగానే ఉంది" అనేది. ఆ "నే" ఆయనకు పంటికింద రాయిలా తగిలేది.

ఒక ఆదివారం ఫోన్లు బాగుచేసే బావమరిది వచ్చి, అక్క ఫోన్లో బావ పేరు కొట్టి చూపించాడు.

"చూడక్కా, కంపెనీవాళ్ళు పాతవన్నీ తవ్వి నెట్‌లో పెట్టేశారు. బావ పేరు మీద ఒక పేజీయే ఉంది!"

ఫొటో ఉండాల్సిన చోట ఖాళీ గుండ్రం ఉంది. కింద పాటల వరస.

మర్నాడు మాస్టారు బడి నుంచి వచ్చేసరికి మిషను ఆగి ఉంది. ఆవిడ సూదిలో దారం ఎక్కించబోయి, అలాగే చేత్తో పట్టుకుని కూర్చుంది. ఫోన్లోంచి క్లారినెట్ వినపడుతోంది.

"ఏవండీ, ఇదెప్పుడు వాయించారు? నా ముందు ఒక్కసారైనా వాయించలేదేం?" అంది. కళ్ళు చెమర్చి ఉన్నాయి.

అది ఆయన వాయించింది కాదు. ఆ సంగతి మొదటి స్వరానికే తెలిసిపోయింది. కానీ ఆ కళ్ళు చూశాక, నాలుక చివరిదాకా వచ్చిన నిజం దారి తప్పింది.

"ఎప్పుడోలే" అన్నారు.

ఆ పూట అడక్కుండానే కంచంలో కూర రెండోసారి పడింది. మాస్టారు తేలు కుట్టిన దొంగలా తలొంచుకుని తిన్నారు. సొమ్మొకడిది, సోకొకడిది. అయినా ఒక రోజుకి సోకు బాగానే ఉంది.

తర్వాతే మొదలైంది మంట. ఆవిడ ఆ పాట పొద్దున పెట్టేది, మధ్యాహ్నం పెట్టేది, బట్టలిచ్చి పోయేవాళ్ళను కూర్చోబెట్టి "మా ఆయనే" అని వినిపించేది. ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు ఇంటిపేరుతో సహా తన పేరు పెట్టుకుని, తన ఇంట్లో, తన భార్య ఎదురుగా కూర్చుని వాయిస్తున్నట్టుంది మాస్టారికి. కాదందామా అంటే అబద్ధం బయటపడుతుంది. ఊరుకుందామా అంటే ఒళ్ళు మండుతోంది. మింగలేరు, కక్కలేరు.

వాడికి వచ్చింది తనకు రాదా అనుకున్నారు. బడి వదిలాక ఖాళీ తరగతి గదిలో తలుపులు మూసుకుని ఆ పాటే సాధన చేశారు. బాగా పట్టుబడిందనిపించాక ఒక సాయంత్రం భార్య ముందు వాయించారు. ఆవిడ శ్రద్ధగా వింది. జాలిగా చూసింది.

"ఫోన్లో ఉన్నంత రాలేదండీ. అప్పట్లో ఊపిరి బాగుండేది కాబోలు. వయసు మీద పడ్డాక ఏంచేస్తాం?"

అక్కడే ఉన్న బావమరిది పుండు మీద కారం చల్లాడు. "ఊపిరి కాదక్కా. అప్పుడు ఎవరినో తలుచుకుని వాయించుంటాడు. ఏం బావా?"

వాడు నవ్వుతూ అన్నాడుగానీ ఆవిడ నవ్వలేదు. ఆ మంట ఇప్పుడు ఆవిడకి అంటుకుంది.

"పెళ్ళికి ముందేనా వాయించింది? ఎవరి కోసం?"

"ఎవరూ లేరే."

"లేకపోతే మనసు అంతలా కరిగేట్టు ఎలా వాయించారు? నాకోసం ఏనాడైనా అలా వాయించారా?"

"అది నేను వాయించిందే కాదు!" అని అరిచేశారు మాస్టారు.

"మీ పేరు కనపడుతుంటేనా? దొరికిపోయారని మాట మారుస్తున్నారు" అంటూ ఆవిడ లేచి వంటగదిలోకి వెళ్ళిపోయింది.

ఇక లాభం లేదని, మాస్టారు ఆవిడను వెంటబెట్టుకుని కంపెనీకి వెళ్ళారు. మేడమీద ఇరుకు గదిలో, నెట్‌లో పెట్టే పాటల వివరాలు చూసే అమ్మాయి ఉంది. సంగతి విని ఆ పాట వెతికింది.

"పేరును బట్టి చెప్పలేమమ్మా, ఒకే పేరుతో ఎంతమందైనా ఉంటారు. ప్రతి రికార్డింగుకీ ఒక కోడ్ ఉంటుంది. ఏ దేశంలో వెతికినా అదే కోడ్. మా వాటికి మొదట్లో మా గుర్తు వస్తుంది. చూడండి, దీనికి లేదు. ఇది వేరే కంపెనీది. వాయించినతను కుర్రవాడు."

"మరి ఇద్దరూ ఒకే చోటికెలా వచ్చారు?" అని ఆవిడ అడిగింది.

"వాయించే మనిషికీ ఒక నంబరుంటుంది. వాళ్ళు అతని నంబరు పెట్టారు. మావాళ్ళు మాస్టారిది పెట్టకుండా ఉత్త పేరు పంపారు. దాంతో అతని పేజీలోనే ఈయన పాటలూ పడ్డాయి. నంబరు పెట్టిస్తే విడిపోతారు."

ఆవిడ బల్ల మీదికి వంగింది. "అంటే పెళ్ళికి ముందు ఈయన ఎవరికోసమూ వాయించలేదన్నట్టేనా అమ్మా?"

"అది కోడ్‌లో ఉండదమ్మా" అని ఆ అమ్మాయి నవ్వింది.

తిరుగు బస్సులో ఆవిడ కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. "నా కన్నీళ్ళన్నీ ఎవడికో పోశానన్నమాట. చెప్పొద్దూ?" అంది.

"నువ్వలా చూస్తే ఎలా చెప్పను? నావైపు అలా చూసి ఎన్నాళ్ళయింది!"

దిగేటప్పుడు ఆవిడ ఆయన చేతి సంచి తను అందుకుంది.

కొన్నాళ్ళకు పేజీలు విడిపోయాయి. మాస్టారి పేజీకి శ్రోతలు తక్కువే. ఆవిడ రెండూ వినేది. కుర్రవాడి పాట మొదలైతే మాస్టారు చెప్పులేసుకుని వీధిలోకి నడిచేవారు.

ఒకరోజు అతను కొత్త పాట పెట్టాడు. చెప్పులు కనపడక మాస్టారు గుమ్మంలోనే ఆగిపోయారు. మధ్యలో ఒకచోట ఆయన మొహం వెలిగింది.

"అదుగో, ఊపిరి తెగింది! విన్నావా?"

"నాకేం వినపడలేదే."

"మొదట్నించీ పెట్టు, చూపిస్తాను."

ఆవిడ మళ్ళీ పెట్టింది. ఆయన స్టూలు లాక్కుని, వేలెత్తి పట్టుకుని కూర్చున్నారు. ఆ చోటు వచ్చింది, పోయింది. వేలు అలాగే ఉంది. ఆయన చెప్పడం మరిచిపోయి వింటున్నారు.