ముళ్ల చెంచాకి మైల లేదు

నేను ఎనిమిదో తరగతిలో బడి మానేశాను. మానేసిన సంగతి మేష్టారు చాలాకాలం గమనించలేదు. ఉన్నప్పుడూ గమనించలేదు కనక ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. తర్వాత విజయనగరంలో ఒక మిలట్రీ హోటల్లో ఉల్లిపాయలు తరగడంతో మొదలెట్టి, కూరలు వండేదాకా ఎదిగి, అరవైల చివర్లో గరివిడి వచ్చి ఫ్యాక్టరీ గెస్టు హౌసులో వంటవాణ్ణయ్యాను. మా ఊరు నరసన్నపేట దగ్గర. వరి పండించుకునే ఇళ్లు మావి. కోడి తింటాం, మేక తింటాం, చేప దొరికితే పండగే. పంది మాత్రం తినం. ఎందుకు తినమని చిన్నప్పుడు అడిగితే, తినం కాబట్టి తినం అని మా నాయన చెప్పాడు. అంతకంటే గట్టి కారణం నాకు ఈ రోజుకీ దొరకలేదు.

ఆ యేడు కొత్త కొలిమి బిగించడానికి ఒక దొర వచ్చాడు, వెంట దొరసాని. ఏ దేశమో చెప్పారు గానీ, మా బడిలో భూగోళం అంతదూరం వెళ్లకముందే నేను బయటికొచ్చేశాను. వానలు వెనకబట్టి, పొద్దున్నే గడ్డి మీద మంచు పడుతుంటే ఆవిడకి ఇల్లు గుర్తొచ్చింది. వాళ్ల దేశంలో ఆకులు రాలే ఈ కాలంలో పంది పక్కటెముకల ముక్కలు కాల్చి, పైన పళ్ల పాకం పూసి, తెలిసినవాళ్లని పిలిచి పెట్టుకుంటారట. సగం మాటలతో, సగం తన పక్కటెముకలు తానే చూపించుకుంటూ నాకు చెప్పింది. శనివారం సాయంత్రాలకి ఆఫీసర్లని పిలుస్తానంది. మన ఆఫీసర్లు శనివారం ఇంట్లో ఉల్లిపాయ కూడా ముట్టరమ్మా అని చెబుదామనుకున్నాను. అంత ఇంగ్లీషు నా దగ్గర లేదు. ఉన్నా అనవసరమేనని తర్వాత తెలిసింది. పిలిచినవాళ్లందరూ వచ్చారు.

ముందు మాంసం సంపాదించడమే పెద్ద పని అయింది. రైలు కట్ట అవతల పందులు పెంచేవాళ్ల పేట ఉండేది. అక్కడ పందిని కోస్తే పోగులు పెడతారు. ప్రతి పోగులోనూ కాస్త కొవ్వు, కాస్త కార్జం, ఒక ఎముక, తోలుముక్క, అన్నిట్లోంచీ కొంత పడాలి. ఎవరికీ ఎక్కువ తక్కువ ఉండకూడదు. నేను వెళ్లి పక్కటెముకలు వరసంతా విడదియ్యకుండా నాకే కావాలన్నాను. కోసే ఆయన కత్తి ఆపి నన్ను ఎగాదిగా చూశాడు.

"పక్కెముకలన్నీ నీకిచ్చేత్తే మిగతావోళ్ల పోగుల్లో ఏటెయ్యాలి బావూ? నా పక్కెముకలెయ్యాలా?"

చివరికి నా వాటా కొవ్వూ కార్జమూ అందరి పోగుల్లోకీ వదులుకునే ఒప్పందం మీద ఇచ్చాడు. తామరాకుల్లో చుట్టుకుని, పట్టపగలు, బజారు మధ్యనించి నా చేతుల్తో మోసుకొచ్చాను. దాచాలని తోచలేదు. వంటవాడు మాంసం మోస్తే దాచుకోవలసింది ఏముంటుంది?

పండు కుదరడానికి ఇంకో తంటా. ఆపిలు పళ్లు గరివిడిలో బొమ్మల్లోనే కాసేవి. జామపళ్లు ఉడికిస్తే గింజలు పళ్లకింద కటకటలాడాయి. సీతాఫలం వేడి తగిలితే చేదెక్కింది. అప్పుడు వెలగపండు తట్టింది. వినాయక చవితికి పాలవెల్లి నించి పచ్చిగా వేలాడే వెలగకాయ దసరా దాటేసరికి పండి గుమాయిస్తుంది. గుజ్జు తీసి, బెల్లం కలిపి, పల్చని గుడ్డలో వడగట్టి, అల్లం రసం, దంచిన మిరియాలు వేసి, తీగపాకం వచ్చేదాకా కాచాను. ముక్కలకి ఉప్పు పట్టించి, ఇనప పెనం మీద వాటి కొవ్వులోనే వేయించి, అరటి దొప్ప కొసని కుంచెలా చితగ్గొట్టి ఆ పాకం పూశాను. పూయడం, తిప్పడం, మళ్లీ పూయడం. ముక్కలు అద్దాల్లా మెరిశాయి. దొరసాని ఒక ముక్క తిని కళ్లు మూసుకుంది. నేనూ ఒక ముక్క తిన్నాను. రుచి చూడకుండా వడ్డించే వంటవాడు దొంగ.

మొదటి శనివారమే బల్ల దగ్గర మా చిన్నాన్న కనిపించాడు. సొంత చిన్నాన్న కాదు, మా మేనమామ భార్యకి తమ్ముడు. ఆ ఫ్యాక్టరీలోనే స్టోర్సు ఆఫీసరు. నన్ను చూసి తెలియనట్టే కూర్చున్నాడు. నేనూ తెలియనట్టే వడ్డించాను. ముళ్ల చెంచా కుడిచేత్తో పట్టుకోవాలో ఎడంచేత్తో పట్టుకోవాలో కాసేపు అవస్థపడ్డాడు గానీ, ఆకలి ఏ చేతికైనా పని నేర్పుతుంది. అడిగి మరీ మళ్లీ వేయించుకున్నాడు. తర్వాతి శనివారాలూ తప్పలేదు.

మా మేనమామ కూతురు నాకనే పెరిగింది. మావయ్య మా అమ్మకి నోటిమాట ఇచ్చాడు, ఊరంతా ఎరుగును. ఆ పిల్ల నోరు నా నోటికి సరిజోడు. నేను ఒకటంటే తను రెండనేది. కార్తీకంలో ముహూర్తం అనుకున్నారు. ఆ పిల్ల మీద మా చిన్నాన్న కొడుక్కి కూడా వరస ఉంది, మేనత్త కూతురు కదా. ఆ సంగతి అందరికీ తెలుసు, చిన్నాన్నకి ఇంకాస్త బాగా తెలుసు.

దీపావళి వెళ్లిన మర్నాడు మావయ్య రమ్మని కబురంపాడు. వెళ్లేసరికి అరుగు మీద మావయ్య, మా అమ్మ, చిన్నాన్న, ఊరి పెద్దవాళ్లు కొందరు. మంచినీళ్లు ఇవ్వలేదు. అప్పుడే అర్థం కావలసింది.

"ఒరే అల్లుడా, నువ్వు పందిని వొండుతన్నావంట. నిజవేనా?" అన్నాడు మావయ్య.

"నిజవే మావా. వొండింది నాను. తిన్నోళ్లెవులో అది కూడా అడుగు."

అందరూ చిన్నాన్న వైపు తిరిగారు. ఆయన తడబడతాడనుకున్నాను. కండువా సర్దుకున్నాడంతే.

"తిన్నాను బావా. దొరలు పిలిస్తే కాదంటే ఉజ్జోగం ఉంటాదేటి? అయినా నాను సేత్తో ముట్టానేటి? ముళ్ల సెంచాతో తిన్నాను. ఈడలాక్కాదు. ఆ పేటకెల్లి సేత్తో మోసుకొచ్చి, సేత్తో కడిగి, సేత్తో పూతలు పూత్తన్నాడు. రేపు అదే సేత్తో నీ కూతురి మెళ్లో పుస్తి కడతాడు."

అయితే నోటికి మైల లేదా చిన్నాన్నా, ఆ చెంచాయే నమిలి మింగిందా అన్నాను. ఊళ్లో నా మాటకి ఎవరూ నవ్వకపోవడం అదే మొదలు. పైగా చెంచా సంగతి మీద నిజంగానే తర్కం నడిచింది. ఎండిదా, ఇనపదా అని ఒక ముసలాయన అడిగాడు. వెండిదైతే అసలు అంటదట. ఇనపదైనా బూడిదపెట్టి తోమితే పోతుందని ఇంకొకాయన. చెయ్యి అలాక్కాదు, ఒంటికి అతుక్కుని ఉంటుంది కదా అని తేల్చారు. నేను వింటూ కూర్చున్నాను. బడి మానేసినందుకు నాకు మొదటిసారి సంతోషమేసింది. చదువుకున్నవాళ్లు ఇద్దరు అందులో తలలూపుతున్నారు.

మా అమ్మ తమ్ముడి కాళ్లు పట్టుకోవడమొక్కటే తక్కువ. ఆ పని మాన్పించేస్తాను, ఇంటికొచ్చి వ్యవసాయం చేసుకుంటాడు అంది. నేనూ మానేస్తానన్నాను. ఆ పిల్ల కోసం వంటేమిటి, తిండే మానేద్దును.

మావయ్య అరుగు మీంచి లేచాడు.

"పని మానేత్తే సెయ్యి మారతాదేటి అప్పా?" అన్నాడు.

అక్కడితో అయిపోయింది. వచ్చేటప్పుడు గడ్డివాము పక్కన మరదలు నిలబడి ఉంది. ఏడ్చి మొహం కడుక్కున్నట్టుంది. నేను ఏదో ఒక హాస్యం ఆడబోయేలోపు తనే అంది.

"ఆ సెంచా ఏదో నువ్వూ పట్టుకోకపోయావా బావా."

ఎగతాళికి అందో, బాధకి అందో, ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆ శనివారం బల్ల నేనే సర్దాను. చిన్నాన్న పళ్లెం దగ్గర కత్తి పెట్టాను, గుడ్డ మడిచి పెట్టాను, ముళ్ల చెంచా పెట్టలేదు. ముక్క వడ్డించి చెవి దగ్గరికి వంగాను. "సెంచాలు సాల్లేదు సిన్నాన్నా. సేత్తో తినీ."

ఆయన నా మొహంకేసి చూశాడు. ముక్క కేసి చూశాడు. వెలగపాకం దీపం కింద బంగారంలా మెరుస్తోంది, మిరియాల ఘాటు లేస్తోంది. కోటు చేతులు పైకి మడుచుకున్నాడు. తిన్నాడు. ఎముక పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, మిగిలిన పాకం వేళ్లతో తీసి, వేలు వేలూ నాకాడు. దొరసాని చూసి మురిసిపోయి, వాళ్ల ఊళ్లో కూడా ఎముక దాకా వచ్చాక చేత్తోనే తింటారని చెప్పి, తనూ చెంచా పక్కన పెట్టింది. మిగతా ఆఫీసర్లూ పెట్టేశారు. బల్ల చుట్టూ అందరూ చేతుల్తో తింటుంటే అది సంబరంలా ఉంది. నేను ఏదో గెలిచాననుకుని నిలబడి ఉన్నాను. ఈ ముచ్చట ఆ అరుగు మీద చెప్పడానికి నా వైపు ఒక్కడు కూడా లేడని అప్పుడు స్ఫురించింది.

తిన్నాక ఆయన పెరటివైపు గుమ్మంలోకి వచ్చి చెయ్యి చాచాడు. నీళ్లు పోశాను. చెంబుడు నీళ్లతో ఆయన చెయ్యి మారిపోయింది.

కార్తీకంలోనే పెళ్లి చేశారు, అనుకున్న ముహూర్తానికే. పెళ్లికొడుకు చిన్నాన్న కొడుకే, నాకంటే చిన్నవాడు, వరసకి తమ్ముడు. కనక ఆ పిల్ల నాకు మరదలే, ఆ ఒక్కటీ ఎవరూ తీసుకోలేకపోయారు. చిన్నాన్న కుడిచేత్తో గుప్పెడు అక్షింతలు తీసి ఇద్దరి నెత్తినా చల్లాడు. నన్ను బంతిలో చివర కూర్చోబెట్టి, వంటల వైపు మాత్రం రావద్దని మర్యాదగానే చెప్పారు. కూర్చున్నాను. వంటపాక వైపునించి గుమ్మడికాయ కూర అడుగంటుతున్న వాసన వచ్చింది. నీళ్లు చిలకరించి పొయ్యిలో కట్టెలు లాగితే ఇంకా దక్కేది. ఎవరికీ చెప్పలేదు.